ఎవరి బొంత? ఎవరి గోడ?

"బొంతలకు గూడ మ్యూజియం కట్టిన్రా?" అని అమ్మ నవ్వింది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణంలో బొంతల మ్యూజియం చూసి బయటికొచ్చాక మాలో ఒకరు ఇంటికి ఫోన్ చేసినప్పటి సంగతి ఇది. నవ్వు ఆగాక అమ్మ ఇంకో మాట అడిగింది. "కుట్టినోళ్ళకు ఏమిచ్చిన్రట బిడ్డా?" మా దగ్గర జవాబు లేదు. లోపల గంటల తరబడి తిరిగాం. రంగుల గురించి, కుట్టు గురించి, ముక్కల అమరిక గురించి నోటుబుక్కు నిండా రాసుకున్నాం. ఈ ప్రశ్న మాత్రం మాకు తట్టలేదు. బడి ముఖం చూడని మనిషికి తట్టింది. ఎందుకు తట్టలేదో ఆలోచిస్తూ రాసిన వ్యాసం ఇది. ఒక భవనం మీద ఫిర్యాదు చెయ్యటం మా ఉద్దేశం కాదు. బొంతను గోడకెక్కించే చూపును విమర్శించటం మా ఉద్దేశం. ఆ చూపులో చదువుకున్న మేమూ ఉన్నాం.

లింకన్ మ్యూజియం పుట్టుక ఇలా జరిగింది. 1997లో ఆర్డిస్, రాబర్ట్ జేమ్స్ అనే దంపతులు తాము సేకరించిన దాదాపు 950 క్విల్టులను నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. ఇప్పుడున్న భవనం 2008లో తెరిచారు. ఈనాడు అక్కడ అనేక దేశాల బొంతలు వేల సంఖ్యలో ఉన్నాయి. క్విల్టు అంటే మామూలుగా మూడు పొరలు. పైన ముక్కలు అతికిన గుడ్డ, నడుమ దూది, కింద అస్తరు. మూడింటినీ పట్టి ఉంచేది కుట్టు. మన ఇళ్ళలో బొంతకు ఎక్కువగా దూది ఉండదు, పాత చీరలే పొరలు. ఈ తేడా తీసేస్తే రెండూ అక్కచెల్లెళ్ళే.

లోపల వెలుతురు మసకగా ఉంటుంది. వెలుతురు పడితే గుడ్డ రంగు వెలిసిపోతుంది కాబట్టి ఏ బొంతనూ ఎక్కువ కాలం బయట ఉంచరు. ముట్టుకోనివ్వరు. చేతి చెమట, నూనె గుడ్డను తినేస్తాయి కాబట్టి ఆ నియమం సబబే. అయినా 'ముట్టుకోరాదు' అనే మాట మన చెవికి మామూలు మాటలా వినపడదు. మనిషిని ముట్టుకోరాదన్న ఊళ్ళోంచి వచ్చిన మేము, గుడ్డను ముట్టుకోరాదన్న గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాం. అక్కడ వేలాడుతున్నది ఏంటి? పసిపిల్ల ఉచ్చ పోసింది, ముసలాయన జ్వరంతో వణికింది, ఆలుమగలు కప్పుకున్నది. నేల మీద పరిచే వస్తువును గోడ మీద నిలబెట్టగానే ఒక మార్పు జరుగుతుంది. దాన్ని ఒంటితో ఎరగటం పోయి కంటితో చూడటం మాత్రమే మిగులుతుంది. కంటికి ఆనేది రంగు, గీత, అమరిక. ఒంటికి తెలిసేది చలి, బరువు, వాసన. మ్యూజియం మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని గుమ్మం బయట వదిలేస్తుంది.

ఈ గోడకు ఒక చరిత్ర ఉంది. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం అమెరికన్ క్విల్టులను నైరూప్య చిత్రాల మాదిరి గోడలకు వేలాడదీసి ప్రదర్శన పెట్టింది. జోనథన్ హోల్‌స్టీన్, గేల్ వాన్‌డర్ హూఫ్ అనే ఇద్దరు ఆ బొంతలను ఏరారు. ఏరటంలో కొలబద్ద ఒక్కటే: దూరం నుంచి చూస్తే ఆధునిక చిత్రకారుల పెయింటింగులా ఉందా లేదా. ఆ ప్రదర్శన వల్ల బొంతకు కళ అన్న హోదా దక్కిన మాట నిజం. ఆ హోదా ఏ షరతు మీద దక్కిందో కూడా చూడాలి. మగ చిత్రకారుల పనితో పోల్చితే గాని ఆడవాళ్ళ పని కళ కాలేదు. రెండేళ్ళకే, 1973లో, పట్రీషియా మైనార్డి అనే స్త్రీవాద విమర్శకురాలు దీన్ని నిలదీసింది. క్విల్టులు చేసినవాళ్ళు తామేం చేస్తున్నారో తెలిసిన కళాకారిణులేననీ, వాళ్ళను పేరులేని గుంపుగా చూపటం అన్యాయమనీ వాదించింది. ఆనాటి విట్నీ బొంతలు ఇప్పుడు లింకన్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. అంటే ఆ వాదన కూడా ఆ గోడల మధ్యే ఇంకా తిరుగుతోందన్నమాట.

స్త్రీవాదులు పేరు అడిగారు. నల్లవాళ్ళ బొంతల దగ్గరికొస్తే పేరు ఒక్కటే చాలదని తెలుస్తుంది. దీనికి గీస్ బెండ్ కన్నా గొప్ప ఉదాహరణ మాకు కనపడలేదు.

అలబామా రాష్ట్రం విల్‌కాక్స్ కౌంటీలో నది మూడు వైపులా చుట్టిన నేల గీస్ బెండ్. 1816లో జోసఫ్ గీ అనే భూస్వామి అక్కడ పత్తి తోట పెట్టాడు. 1845లో ఆ తోట, బానిసలతో సహా, మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. బానిసలకు అతని ఇంటిపేరే మిగిలింది. ఈనాడు లోకమంతా మెచ్చుకునే బొంతల కింద 'పెట్‌వే' అనే పేరు పదేపదే కనపడుతుంది. చాలామంది అదొక కళాకారుల వంశం అనుకుంటారు. అది యజమాని పేరు. పేరు రాసినంత మాత్రాన న్యాయం జరిగిపోదని చెప్పటానికి ఇంతకన్నా ఏం కావాలి?

బానిసత్వం రద్దయినా వాళ్ళు అదే నేల మీద, అదే పత్తిలో, అప్పుల్లో కౌలుదారులుగా మిగిలారు. 1932లో అప్పిచ్చిన వ్యాపారి చనిపోతే అతని భార్య బాకీ కింద వాళ్ళ పశువులను, పనిముట్లను, దాచుకున్న గింజలను తోలించుకుపోయింది. ఆ చలికాలం ఊరు ఆకలితో గడిపింది. 1930ల చివరలో ఫెడరల్ ప్రభుత్వం ఆ భూమి కొని, ఇళ్ళు కట్టించి, వాళ్ళకే వాయిదాల మీద అమ్మింది. ఈ భూమి సంగతి మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. కాళ్ళ కింద సొంత నేల ఉంది కాబట్టే 1960ల్లో ఆ ఊరివాళ్ళు ఓటు హక్కు కోసం నదికి అవతలున్న కామ్డెన్ పట్టణానికి పోగలిగారు. 1962లో నది మీద పడవ ఆపేశారు. నది దాటితే చేరే ఊరికి రోడ్డు మీద గంట చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. ఆ పడవ మళ్ళీ నడిచింది 2006లో. నలభై నాలుగేళ్ళు!

1966లో ఆ కౌంటీ నల్ల స్త్రీలు, ఫ్రాన్సిస్ వాల్టర్ అనే పాదిరి సాయంతో, 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. బొంతలు కుట్టి ఉత్తరాది నగరాల్లో అమ్మారు. 1969లో కుట్టు కేంద్రం కోసం సంఘం భూమి కొన్నది. పౌరహక్కుల పోరాటంలో ఓటుకు పేరు రాయించుకున్నందుకు ఇళ్ళల్లోంచి వెళ్ళగొట్టబడ్డ కుటుంబాలకు అందులో ఇళ్ళ స్థలాలు ఇచ్చింది. 1972లో సియర్స్ కంపెనీ వాళ్ళకు కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు ఇచ్చింది. గలీబులు కంపెనీ చెప్పిన కొలతకే కుట్టాలి. మిగిలిన పేలికలు మాత్రం ఇళ్ళకు పోయి ఎవరి మనసుకు వచ్చినట్టు వాళ్ళు కుట్టిన బొంతలయ్యాయి. విమర్శకులు ఇప్పుడు అబ్బురపడే కార్డురాయ్ బొంతల రంగులు ఆ కూలిపని అడుగున మిగిలిన పేలికల రంగులే. సంఘం 2012లో మూతపడింది.

2002లో ఈ ఊరి బొంతలు హ్యూస్టన్‌లో ప్రదర్శనకెక్కి, అదే ఏడు విట్నీ మ్యూజియానికి వచ్చాయి. 1971 నాటి విట్నీయే. ఈసారి కుట్టినవాళ్ళ పేర్లున్నాయి, ఫొటోలున్నాయి, వాళ్ళ మాటలున్నాయి. అది ముందడుగే, మేం కాదనం. పత్రికలు ఆకాశానికెత్తాయి. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతలతో పది బిళ్ళలు వేసింది. పడవ తిరిగొచ్చిందీ ఆ ఏడే. బొమ్మకు దేశమంతా తిరిగే అనుమతి దొరికిన ఏడు గాని మనిషికి ఏరు దాటే దారి దొరకలేదు. 2007లో బొంతలు కుట్టిన కొందరు స్త్రీలే కోర్టుకెక్కారు. తమ పనితో, పేరుతో వచ్చిన డబ్బులో తమకు రావాల్సింది రాలేదని సేకర్తల మీద దావా వేశారు. 2008లో రాజీ కుదిరింది. తగవులో ఎవరిది ఎంత ఒప్పో తేల్చే పని మేం నెత్తినేసుకోవటం లేదు. మాకు కావలసింది ఆ దావాలోని ప్రశ్న. "కుట్టినోళ్ళకు ఏమిచ్చిన్రట?" లింకన్ బయట ఫోనులో అమ్మ అడిగిందీ, అలబామా కోర్టులో ఆ ఆడవాళ్ళు అడిగిందీ ఒకటే.

ఇంకా వెనక్కి పోతే హ్యారియెట్ పవర్స్ ఉంది. 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన మనిషి. బైబిలు కథలను గుడ్డముక్కల బొమ్మలుగా అతికిన ఆమె బొంత 1886లో ఏథెన్స్ పట్టణంలో ప్రదర్శనకు వచ్చింది. జెన్నీ స్మిత్ అనే తెల్ల చిత్రకళా ఉపాధ్యాయిని కొంటానంటే ఆమె అమ్మనన్నది. కొన్నేళ్ళకు ఇల్లు గడవక తానే అమ్మకానికి తెచ్చింది. పది డాలర్లు అడిగి అయిదుకు ఒప్పుకుంది. ఆ తరవాత తన బొంతను చూసుకోవటానికి ఆ కొన్నామె ఇంటికి పలుమార్లు వచ్చిపోయింది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్‌వారి మ్యూజియంలో ఉంది. తన చేతి పనిని చూడటానికి ఇంకొకరి గడప తొక్కిన ఆ మనిషే మొదటి సందర్శకురాలని మాకనిపిస్తుంది. ఒక్క మంచి జరిగింది. బొంతలో ఏ బొమ్మ ఏమిటో పవర్స్ చెప్తుంటే స్మిత్ రాసిపెట్టింది. ఆ కాగితం వల్లే ఈనాడు ఆ బొంత 'ఎవరో నీగ్రో స్త్రీ పని' కాకుండా హ్యారియెట్ పవర్స్ పనిగా నిలిచింది. రాసిపెట్టటం ఎంత పెద్ద పనో పరిశోధక విద్యార్థులు దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. పేలికలతో కుట్టిన గుడ్డకు మన దేశంలో ఒక్క అర్థం లేదు. సంస్కృతంలో దాన్ని కంథ అన్నారు. సన్యాసి కప్పుకుంటే వైరాగ్యం, కూలివాడు కప్పుకుంటే దరిద్రం. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడు శవాల మీది బట్టలే కట్టాలని శాసించింది. అదే శ్మశానపు గుడ్డను బుద్ధుడు ఇంకో రకంగా చూశాడు. పారేసిన గుడ్డలు, శ్మశానంలో దొరికినవి ఏరి, ఉతికి, ముక్కలు కలిపి కుట్టిన చీవరాన్ని భిక్షువుల గౌరవ వస్త్రం చేశాడు. మగధ పొలాల గట్లను చూపించి ఆ తీరుగా చీవరం కుట్టగలవా అని అడిగితే ఆనందుడు కుట్టాడని వినయపిటకం చెప్తుంది. శాక్యుల బిడ్డ ఆనందుడూ, మంగలి ఉపాలీ ఒకే అతుకుల గుడ్డ కట్టారు. అవే పేలికలు, అదే సూది. మనువు ఒక కులం నెత్తిన రుద్దినదాన్ని బుద్ధుడు అందరికీ సమానంగా, ఎవరిష్టంతో వాళ్ళు కట్టుకునేదిగా మార్చాడు. పేలికలో సిగ్గూ లేదు, అందమూ లేదు. ఏ షరతుల కింద అది మన ఒంటి మీదికి వచ్చిందో అందులోనే ఉంది అంతా.

ఈ దృష్టితో చూస్తే మన వాడల్లోని బొంత ఒక కూలి ఖాతా. ఒక బొంతను విప్పుకుంటూ పోతే ఏమేం దొరుకుతాయి? దొరసానికి పురుడు పోసినందుకు వచ్చిన పాత చీర. పండగకు పెద్దింటివాళ్ళు ఇచ్చిన చిరుగుల పంచె, దాని వెనక ఏడాదంతా చేసిన వెట్టి. అయ్య చనిపోయాక మిగిలిన అంగీ. సర్కారు బడిలో ఇచ్చిన నిక్కరు. ఒక్కో పొర ఒక్కో చాకిరికి రశీదు. ఇందులో ఇంకో అన్యాయం కూడా దాగుంది. తెలుగు నేల మీద ముతక గుడ్డ నేసినవాళ్ళలో మాలలు చాలామంది. తోలు కుట్టే నేర్పు మాదిగల చేతిది. నేసిన చెయ్యీ కుట్టిన చెయ్యీ మనవే అయి, కప్పుకోవటానికి మాత్రం ఇంకొకరు విడిచిన గుడ్డ!

మాలో ఒకరి అమ్మమ్మ కోతలయిపోయాక రైతుల ఇళ్ళకు బొంతలు కుట్టబోయేది. వాకిట్లోనే కూర్చోవాలి, వాకిట్లోనే కుట్టాలి. నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. గింజలు కొంగులో పోసేవాళ్ళు. సాయంత్రం ఆ బొంతను మాత్రం మడతపెట్టి లోపలి గదిలోకి తీసుకుపోయేవాళ్ళు. ఆమె చెయ్యి పడని జానెడు జాగా లేని ఆ గుడ్డ మంచం ఎక్కవచ్చు, ఆమె అరుగెక్కరాదు. బొంతల మ్యూజియం మన దగ్గర కడితే, ఆ బొంత పక్కన 'గ్రామీణ మహిళల సంప్రదాయ కళ' అని రాసిపెడితే, అది అబద్ధం కాదా?

ఈ భయం ఊరికే రాలేదు. బెంగాల్ కంథాలను జాతీయోద్యమ కాలంలో భద్రలోకులు సేకరించి జానపద సంపద చేశారు. సింధు, రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల రల్లీ బొంతలు ఇప్పుడు లోకమంతా ఎరిగినవి. వాటిని కుట్టేవాళ్ళలో దళితులైన మేఘవాళ్ స్త్రీలు ముఖ్యులు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి సిద్ధీలు 'కవండి' కుడతారు. అంచు మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. మూలల్లో మడిచిన గుడ్డ 'పూలు' పెట్టందే అది పూర్తయినట్టు కాదు. ఇవన్నీ అందమైన సంగతులు, చెప్పాల్సిన సంగతులు. చెప్పేటప్పుడు రంగు, ప్రాంతం, కాలం వస్తాయి గాని కులమూ కూలీ జారిపోతాయి. 'పాత గుడ్డను వృథా చెయ్యని సంస్కృతి' అని ఈమధ్య ఇంకో పొగడ్త మొదలయింది. కొత్త గుడ్డ కొనుక్కునే దారి మూసినవాళ్ళే ఆ సంస్కృతిని మెచ్చుకుంటే మనం మురిసిపోవాలా?

ఇక మా సంగతి. ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' అనే కథ మనలో చాలామంది కాలేజీలో చదివారు. చదువుకుని పట్నం పోయిన కూతురు డీ ఇంటికొచ్చి, అమ్మమ్మ కుట్టిన బొంతలు ఇమ్మంటుంది, గోడకు వేలాడదీస్తానంటుంది. చెల్లెలు మ్యాగీకి ఇస్తే రోజూ వాడి చింపేస్తుందని వాదిస్తుంది. తల్లి మాత్రం కుట్టటం నేర్చిన మ్యాగీకే ఇచ్చేస్తుంది. కథ చదివినప్పుడు అందరం మ్యాగీ పక్షమే అంటాం. నిజానికి మేం డీలం. కాదు, డీ కన్నా వెనకబడ్డాం. ఆమె వచ్చేసరికి ఇంట్లో బొంతలున్నాయి. మేం హాస్టలుకు పోతూ బొంత ఇంట్లో వదిలి, దుప్పటి కొనివ్వమని ఏడ్చాం. పక్కా ఇల్లొచ్చిన రోజున అమ్మలు పాత బొంతలు కాల్చేశారు.

అట్లా అని వాళ్ళది తప్పంటే మేం ఒప్పుకోం. 1927లో మహద్‌లో అంబేడ్కర్ మన ఆడవాళ్ళతో మాట్లాడుతూ, కులాన్ని బయటపెట్టే కట్టూ, నగలూ వదిలెయ్యమనీ, చీర నిండుగా కట్టుకోమనీ చెప్పాడు. గుర్తును వదిలించుకోవటం అప్పుడొక పోరాటం. బొంతను కాల్చిన అమ్మ కూడా ఆ పోరాటంలోనే ఉంది. ఎవరూ కళను కాపాడటానికి చలికి పడుకోనక్కరలేదు. కొత్త దుప్పటి మన హక్కు. కాలిపోయింది గుడ్డ ఒక్కటే అయితే మాకు దిగులు లేకపోను. దాంతోపాటు ఖాతా కూడా కాలిపోయింది. ఎవరి చీర, ఎన్ని రోజుల పని, ఎన్ని మానికల గింజలు, ఏ వాకిట్లో కూర్చున్నది, ఇవన్నీ ఆ ముసలమ్మల నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు. వాళ్ళు రోజుకొకరు పోతున్నారు.

గీస్ బెండ్‌లో మిస్సోరి పెట్‌వే అనే ఆమె 1942లో, భర్త చనిపోయాక, అతని పనిబట్టలను కోసి బొంత కుట్టుకుంది. కూతురు పక్కనుండి చూసింది, పెద్దయ్యాక చెప్పింది. కూతురు చెప్పింది కాబట్టే ఆ నీలం, బూడిద రంగు ముక్కలు ఒక మనిషి మోకాళ్ళనీ, అతని చాకిరీనీ మనకు చూపిస్తున్నాయి. చెప్పకపోతే వాటిని కూడా నైరూప్య చిత్రం అనేవాళ్ళు.

అందుకని మా ప్రతిపాదన చిన్నది. దళిత మ్యూజియం కావాలా వద్దా అనే చర్చ జరగాల్సిందే, జరగనివ్వండి. ఈలోగా ప్రతి విద్యార్థీ, ప్రతి ఉపాధ్యాయుడూ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుపోవాలి. బొంత కుట్టిన ఒక్క మనిషి దగ్గరన్నా కూర్చోవాలి. నాలుగు ప్రశ్నలు అడిగి ఆమె మాటల్లోనే రాయాలి. నీ పేరేంటి? ఇది ఎవరి గుడ్డ? ఎక్కడ కూర్చుని కుట్టావు? ఏమిచ్చారు? ఇవి రాయని ఏ గోడ మీదా మన బొంతను వేలాడనివ్వకూడదు. లింకన్‌నుంచి తిరిగొచ్చాక మేం మొదలుపెట్టాం. మొదటి పేజీ ఫోనులో ప్రశ్న అడిగిన ఆ అమ్మదే. ఆమె పేరు, ఆమె తల్లి పేరు, పదిహేను బొంతల లెక్క రాసుకున్నాం. పదకొండు బొంతలకు గింజలు వచ్చాయట. నాలుగింటికి రావాల్సిన గింజలు ఎవరి దగ్గర బాకీ ఉండిపోయాయో ఇంటింటి పేరుతో చెప్పింది.